ప్రవేశ పాఠం, విద్యార్థి అభిప్రాయం: తెలుగునాట మాస్ కమ్యూనికేషన్ బోధనా చరిత్రకు ఒక ఆధారం (బేతంచెర్ల నేపథ్యంగా పరిశీలన)

ప్రవేశిక

ఒక పాఠ్యాంశ చరిత్రలో సాధారణంగా శాఖ ఏర్పడిన సంవత్సరం, తొలి ఆచార్యుడి పేరు, పాఠ్యప్రణాళికలో వచ్చిన మార్పులు, డిప్లొమా డిగ్రీగా మారిన క్రమం నమోదవుతాయి. ఆ తరగతిలో కూర్చొని విన్నవారు పాఠాన్ని గురించి, చెప్పిన గురువును గురించి ఏమనుకున్నారన్నది నమోదు కాదు. తెలుగునాట పత్రికారచన, మాస్ కమ్యూనికేషన్ బోధనకు విశ్వవిద్యాలయ స్థాయిలో ఏడు దశాబ్దాల చరిత్ర ఉంది. శ్రోత స్పందన లేనిదే సమాచార ప్రక్రియ పూర్తి కాదని తొలి పాఠంలోనే చెప్పే శాస్త్రమిది. దాని చరిత్రలోనే శ్రోత స్పందన లోపించడం ఆలోచించవలసిన విషయం.

విద్యార్థి అభిప్రాయాన్ని చారిత్రక ఆధారంగా స్వీకరించవచ్చునా, స్వీకరిస్తే దానిని ఎలా చదవాలి అన్నవి ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్నలు. హైదరాబాదు నుంచి చూసినప్పుడు ఈ చరిత్ర సంస్థల స్థాపనా క్రమంగా కనిపిస్తుంది. బేతంచెర్ల వంటి ఊరి నుంచి బయలుదేరి తరగతి గదికి చేరే విద్యార్థి వైపు నుంచి చూసినప్పుడు అది భాషకు, అనుభవానికి సంబంధించిన చరిత్రగా కనిపిస్తుంది. అందుకే ఈ పరిశీలనకు బేతంచెర్లను నేపథ్యంగా తీసుకోవడం జరిగింది.

బేతంచెర్ల: రాయి, రాత, వార్త

డోన్, నంద్యాలల నడుమ రైలు మార్గంలో ఉన్న బేతంచెర్ల 2022 ఏప్రిల్ వరకు కర్నూలు జిల్లాలో ఉండి, అటుపై నంద్యాల జిల్లాలో చేరింది. నాపరాతి గనులు, బండలను కోసి నునుపు చేసే పాలిష్ ఫ్యాక్టరీలు ఈ ప్రాంతపు ప్రధాన జీవనాధారం. తెలుగు రాష్ట్రాలలో ఇల్లు కట్టుకున్న ఎందరికో బేతంచెర్ల బండల పేరు తెలుసు.

ఈ ప్రాంతం ముద్రిత గ్రంథాలకు ఎక్కడం కొత్త కాదు. సమీపంలోని బిల్లసర్గం గుహలను గురించి 1844లోనే కెప్టెన్ న్యూబోల్డ్ రాశాడు. 1880 దశకంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ అక్కడ తవ్వకాలు జరిపారు. ఆ రచనలు ఇంగ్లీషులో, కలకత్తా నుంచి, శాస్త్రజ్ఞుల కోసం వెలువడ్డాయి. ఊరిని గురించిన సమాచారం ప్రపంచానికి చేరింది గాని ఆ ఊరి చదువరికి చేరలేదు. ఎవరిని గురించి రాస్తున్నామో వారికి అందని రాత ఇది. తరువాతి కాలపు బోధనను పరిశీలించేటప్పుడు ఈ సంగతిని గుర్తుంచుకోవలసి ఉంటుంది.

ఊరి వార్త ఊరివారికే తెలుగులో అందే స్థితి చాలా ఆలస్యంగా వచ్చింది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ప్రారంభమైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలను ప్రవేశపెట్టింది. అంతకు ముందే, 1980 దశకం మధ్యలో, తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడ్డాయి. పాలనలో మండలం, పత్రికలో జిల్లా పుట అనే ఈ రెండు మార్పులు కలిసి మండల విలేకరి అనే కొత్త వృత్తిజీవిని సృష్టించాయి. ఇతర పత్రికలూ అదే దారి పట్టాయి. మండల విలేకరులలో అత్యధికులు ఏ విశ్వవిద్యాలయంలోనూ ప్రవేశ పాఠం వినలేదు. పంపిన వార్త అచ్చులో ఎలా మారి వచ్చిందో చూసుకుని నేర్చుకున్నారు. పాఠం వినే అవకాశం వచ్చిన తరువాతి తరం, ఆ పాఠాన్ని ఈ అనుభవం పక్కన పెట్టి తూచింది.

విద్యార్థి అభిప్రాయం: నేరం నుంచి నమూనా పత్రం వరకు

విద్యార్థి తన అభిప్రాయాన్ని వెల్లడించడం ఒకప్పుడు శిక్షార్హమైన పని. ఇందుకు కర్నూలు సీమ నుంచే గట్టి నిదర్శనం ఉంది. 1883లో కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఎం.ఏ. పూర్తిచేసి రాజమహేంద్రవరం ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరారు. 1907లో బిపిన్‌చంద్రపాల్ ఉపన్యాసాల తరువాత విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు ధరించి తరగతులకు వచ్చారు. ఆ ఉద్యమానికి ముందు నిలిచిన గాడిచర్లను కళాశాల బహిష్కరించింది. ఉపాధ్యాయుడు కావలసిన వ్యక్తి ఆ మరుసటి ఏడు బెజవాడలో 'స్వరాజ్య' వారపత్రిక సంపాదకుడయ్యారు. అందులోని రచనకు రాజద్రోహం కింద మూడేళ్ళ జైలుశిక్ష అనుభవించారు. అనంతరం గ్రంథాలయోద్యమంలోను, వయోజన విద్యలోను దశాబ్దాల పాటు పనిచేశారు.

గాడిచర్ల జీవితంలో విద్యార్థి అభిప్రాయం, పత్రికారచన, ప్రజాబోధన ఒకే దారంలోని పూసలు. తరగతిలో నోరు విప్పే వీలులేని చోట అభిప్రాయం పత్రికను వెతుక్కున్నది. అప్పటి విద్యావ్యవస్థ విద్యార్థి మాటను క్రమశిక్షణకు సంబంధించిన అంశంగానే చూసింది. బోధనకు సంబంధించిన సమాచారంగా చూడలేదు.

అభిప్రాయాన్ని అంకెలలోకి తెచ్చే ప్రయత్నం 1920 దశకంలో అమెరికాలో, పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన హెచ్.హెచ్. రెమర్స్ వంటివారి కృషితో బలపడింది. బోధకుణ్ణి విద్యార్థులు కొన్ని గుణాల వారీగా అంచనా వేసే కొలబద్ద అది. భారతదేశంలో 1994లో జాతీయ మదింపు, గుర్తింపు మండలి ఏర్పడిన తరువాత ఇటువంటి అభిప్రాయ సేకరణ కళాశాలల నిర్వహణలో భాగమైంది. సమయపాలన, పాఠ్యభాగం పూర్తిచేయడం, విషయ పరిజ్ఞానం, సందేహ నివృత్తి వంటి అంశాలకు ఎదురుగా విద్యార్థి గుర్తు పెడతాడు. బహిష్కరణ నుంచి గుర్తు పెట్టే హక్కు వరకు జరిగిన ఈ ప్రయాణం చిన్నది కాదు. అయితే ఆ పత్రంలోని ప్రశ్నలు దాదాపుగా ఆచార్యుణ్ణి గురించినవే. పాఠం ఏ భాషలో వచ్చింది, అందులోని ఉదాహరణ ఏ దేశానిది, అది విన్నవాడి ఊరికి వర్తిస్తుందా అన్న ప్రశ్నలకు అక్కడ చోటు తక్కువ.

విశ్వవిద్యాలయంలో ప్రవేశ పాఠం

భారతదేశంలో పత్రికారచన బోధనకు తొలి ప్రయత్నం 1920లో అడయారులో అనీబిసెంట్ ఆధ్వర్యంలో జరిగింది. 1941లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో పి.పి. సింగ్ నాయకత్వాన శాఖ ఏర్పడింది. తెలుగునాట ఈ బోధన 1954లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మొదలైంది. మొదటి ప్రెస్ కమిషన్ నివేదిక వెలువడినదీ ఆ ఏడే. శాఖను నెలకొల్పిన అమెరికన్ ఆచార్యుడు డి ఫారెస్ట్ ఓడెల్ అంతకు ముందే తన దేశంలోని జర్నలిజం విద్యాచరిత్రపై 1935లో గ్రంథం ప్రకటించిన పండితుడు.

ఇక్కడ భాషా నేపథ్యాన్ని గమనించాలి. 1918లో ఉర్దూ బోధనా మాధ్యమంగా, సొంత అనువాద విభాగంతో ప్రారంభమైన ఉస్మానియా, 1948 తరువాత ఇంగ్లీషు మాధ్యమానికి మారింది. దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమని చూపిన విశ్వవిద్యాలయంలోనే పత్రికారచన బోధన ఇంగ్లీషులో అడుగుపెట్టింది. అప్పటికి తెలుగు దినపత్రికలు దశాబ్దాలుగా నడుస్తున్నా వాటి అనుభవం పాఠ్యగ్రంథంగా రూపొందలేదు. తరువాతి దశాబ్దాలలో తిరుపతి, కడప వంటి చోట్ల విశ్వవిద్యాలయాలు ఈ శాఖలను ప్రారంభించడంతో రాయలసీమ విద్యార్థికి తరగతి గది దగ్గరైంది. పాఠ్యగ్రంథం మాత్రం అంతే త్వరగా దగ్గర కాలేదు. ఆ శాస్త్రం పేరుకే అందరూ వాడే తెలుగు మాట స్థిరపడక, మాస్ కమ్యూనికేషన్ అన్న పేరే నిలిచింది.

ప్రవేశ పాఠం సాధారణంగా హెరాల్డ్ లాస్వెల్ 1948లో ప్రతిపాదించిన సూత్రంతో మొదలవుతుంది. ఎవరు, ఏమి, ఏ మార్గంలో, ఎవరికి, ఏ ఫలితంతో చెబుతున్నారు అన్న అయిదు ప్రశ్నల సూత్రమది. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివి వచ్చిన విద్యార్థి ఈ ప్రశ్నలను సులభంగానే అందుకోగలడు. కష్టం ఉదాహరణల దగ్గర మొదలవుతుంది. అమెరికా ఎన్నికల ప్రచారం, అక్కడి రేడియో శ్రోతలు, వాణిజ్య ప్రకటనలు పాఠంలో ఉంటాయి. దండోరా, సంత, జాతర, రచ్చబండ, మండల విలేకరి ఉండరు. ఇటువంటి తరగతిని గురించి 'పాఠం అర్థం కాలేదు' అని విద్యార్థి అంటే ఆ మాటలో కనీసం మూడు అర్థాలుంటాయి: బోధకుడు సరిగా చెప్పలేదని, భాష అందలేదని, చెప్పిన ప్రపంచం తనది కాదని. అభిప్రాయ పత్రం ఈ మూడింటినీ మొదటి అర్థంలోకే కుదిస్తుంది. పాఠ్యగ్రంథపు లోపం ఆచార్యుడి ఖాతాలో పడుతుంది. ఆచార్యుడు తన చొరవతో ఆ లోపాన్ని పూరించినప్పుడు, ఆ శ్రమ కూడా ఒక అంకె కింద కనుమరుగవుతుంది.

పత్రికా పాఠశాల: బూదరాజు రాధాకృష్ణ

విశ్వవిద్యాలయానికి వెలుపల తెలుగే మాధ్యమంగా జరిగిన బోధనకు ఈనాడు జర్నలిజం పాఠశాల ప్రముఖ ఉదాహరణ. దాని ప్రిన్సిపాలుగా పనిచేసిన బూదరాజు రాధాకృష్ణ (1932-2006) వేటపాలెంలో జన్మించిన భాషాశాస్త్రవేత్త. చీరాల కళాశాలలో అధ్యాపకత్వం, తెలుగు అకాడమీలో గ్రంథ నిర్మాణం ఆయన పూర్వానుభవాలు. మాండలిక వృత్తిపదకోశాలలో గృహనిర్మాణ పదాల సంపుటం ఆయన రూపొందించినది. ఊరూరా పనివారి నోటి మాటను సేకరించే సంప్రదాయంలో పనిచేసిన పండితుడు విలేకరులకు గురువు కావడం తెలుగు పత్రికా బోధనలో విశేషమైన ఘట్టం.

ఆ విశేషాన్ని ఒక మాటతో వివరించవచ్చు. రాయలసీమలో మిద్దె అంటే మట్టి కప్పిన చదునైన పైకప్పు గల ఇల్లు. మరికొన్ని ప్రాంతాలలో అదే మాట మేడను, పై అంతస్తును స్ఫురింపజేస్తుంది. వానకు మిద్దె కూలిందని బేతంచెర్ల నుంచి వార్త వస్తే, ఆ తేడా తెలియని ఉపసంపాదకుడి మనసులో మేడ కూలుతుంది. నిరుపేద ఇల్లు ఆ అక్షరాలలోనే కలవాడి ఇల్లుగా మారిపోతుంది. లాస్వెల్ సూత్రంలోని 'ఎవరికి' అన్న ప్రశ్న ఎంత బరువైనదో బోధించడానికి ఈ ఒక్క మాట చాలు. పదకోశం పట్ల శ్రద్ధ ఉన్న గురువుకు ఇటువంటి పాఠం చేతికందే దూరంలో ఉంటుంది.

బూదరాజును గురించి విద్యార్థులు తరువాతి కాలంలో పంచుకున్న జ్ఞాపకాలలో కటువుదనం, కృతజ్ఞత జంటగా కనిపిస్తాయి. ముక్కుసూటి మాట, వ్యంగ్యం, తప్పు రాతను సహించని స్వభావం ఒక వైపు. వాక్యం రాయడం ఆయన దగ్గరే నేర్చుకున్నామన్న గుర్తింపు మరొక వైపు. తరగతి జరుగుతున్నప్పుడు అభిప్రాయ పత్రం చేతికిచ్చి ఉంటే మొదటి అంశమే నమోదయ్యేదేమో. వృత్తిలో కొన్నేళ్ళు గడిచాక రెండోది పైకి వచ్చింది. విద్యార్థి అభిప్రాయానికి కాలపరిమాణం ఉన్నదని, సత్రాంతంలో చెప్పిన మాటకు, ఇరవై ఏళ్ళ తరువాత చెప్పిన మాటకు మధ్య వ్యత్యాసం సహజమని దీనివల్ల తెలుస్తుంది.

రెండు సాక్ష్యాలు, రెండు లోపాలు

పై పరిశీలన వల్ల చరిత్రకారుడికి రెండు రకాల ఆధారాలు కనిపిస్తాయి. మొదటిది అభిప్రాయ పత్రం. ఇందులో అందరి గొంతూ ఉంటుంది గాని ఎవరి గొంతూ విడిగా వినిపించదు. పేరు లేకపోవడం విద్యార్థికి రక్షణ. అతని ఊరు, చదివిన మాధ్యమం తెలియకపోవడం మాత్రం చరిత్రకు నష్టం.

రెండోది స్మృతి వ్యాసం. అభినందన సంచికలు, సంస్మరణ సంచికలు తెలుగు విద్యాలోకంలో బలమైన సంప్రదాయం. ఇక్కడ గొంతు స్పష్టంగా ఉంటుంది. అయితే మాట్లాడేవారు వృత్తిలో నిలదొక్కుకున్నవారే. చదువు మధ్యలో వదిలి గని పనికో, దుకాణానికో మళ్ళినవాడు స్మృతి వ్యాసం రాయడు. గురువు కటువుదనాన్ని తట్టుకొని ఎదిగినవాడి దృష్టిలో అది శిక్షణ అవుతుంది. తట్టుకోలేకపోయినవాడు దానిని ఏమని పిలిచేవాడో సంచికలో ఉండదు. పైగా ఉద్యోగమిచ్చే సంస్థే పాఠశాల నడిపినప్పుడు విద్యార్థి కాబోయే ఉద్యోగి కూడా. అతని మెప్పునూ మౌనాన్నీ ఆ సంబంధం వెలుగులోనే చదవాలి.

ఈ రెండింటి లోపాలను కొంత పూరించగల మూడో ఆధారం విద్యార్థుల రాతలే. జర్నలిజం శాఖలు నడిపే ప్రయోగ పత్రికలలో విద్యార్థి ఏ విషయాన్ని వార్తగా ఎంచుకున్నాడు, ఎవరి మాటను ఉటంకించాడు, తన ప్రాంతపు పదాన్ని నిలుపుకున్నాడా, దిద్దుబాటులో అది పోయిందా అన్నవి పరిశీలించదగినవి. పాఠాన్ని గురించి విద్యార్థి నేరుగా చెప్పని అభిప్రాయం ఈ ఎంపికలలో బయటపడుతుంది. నాపరాతి గని కార్మికుడి ఊపిరితిత్తుల జబ్బును గురించి రాయాలని ఒక విద్యార్థికి తోచిందంటే, ప్రవేశ పాఠం అతని ఊరిదాకా వెళ్ళిందని అర్థం. అది సత్రాంతపు అంకెలో కనిపించని ఫలితం.

ఉపసంహారం

గాడిచర్లను బహిష్కరించిన కాలంలో విద్యార్థి అభిప్రాయం అపరాధం. ఇప్పుడది కార్యాలయ పత్రం. ఈ రెండు దశలలోనూ అది బోధనా చరిత్రకు ఆధారం కాలేదు. ఉస్మానియాలో 1954లో మొదలైన విశ్వవిద్యాలయ బోధన, జిల్లా అనుబంధాల తరువాత విస్తరించిన వృత్తి శిక్షణ తెలుగు విద్యార్థికి భిన్నమైన గురువులను ఇచ్చాయి. ఒక చోట శాస్త్రం ఉండి భాష దూరమైంది. మరొక చోట భాష దగ్గరై, ఉద్యోగపు నీడ పాఠంపై పడింది. ఆయా గురువులను గురించి విద్యార్థులు వెలిబుచ్చిన మెప్పును గాని, ఫిర్యాదును గాని ఈ పరిస్థితుల నుంచి విడదీసి వ్యక్తులకు అంటగట్టడం న్యాయం కాదు.

శాఖలు అభిప్రాయ పత్రాలను గడువు తీరగానే పారవేయకుండా, విద్యార్థి చదివిన మాధ్యమం, ప్రాంతం వంటి వివరాలతో, పేర్లు లేకుండా భద్రపరచడం అవసరం. ప్రయోగ పత్రికల సంచికలను, తరగతి నోట్సును గ్రంథాలయ సంపదగా గుర్తించడం అంతే అవసరం. బిల్లసర్గం గుహల నివేదిక ఆ ఊరివారికి అందడానికి తరాలు పట్టింది. బేతంచెర్ల విద్యార్థి తన ప్రవేశ పాఠాన్ని గురించి చెప్పిన మాట శాఖ చరిత్రలోకి చేరడానికి అంత కాలం పట్టనక్కరలేదు.