యవనుల గాజుపాత్రయు గోదావరీతీరమును

మన భాషలో 'గాజు' అను నొక్కమాటయే ద్రవ్యమునకును, స్త్రీలు చేతికి దొడుగుకొను వలయమునకును పేరైనది. ఇది సంస్కృత 'కాచ' శబ్దభవము. గాజుపాత్రకు మాత్రము 'సీసా' యను పేరు పారసీకమునుండి వచ్చినది. 'కుప్పె' కలదుగదా యని పండితులు ప్రశ్నింపవచ్చును. అది రూపమునకు పేరుగాని ద్రవ్యమునకు గాదు. కాచకూపిని బేర్కొను రసతంత్రములన్ననో శాతవాహనులకు మిక్కిలి యర్వాచీనములు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల ప్రాచీన వాణిజ్యమును విచారించువారికి నీ శబ్దభేద ముపకరించునని నా తలంపు.

క్రీ. పూ. 50 ప్రాంతమున సిరియా, పాలస్తీనా తీరములందలి పనివారు కరగిన గాజుముద్దను గొట్టపుకొనకు దగిలించి, నోట నూది, పాత్రగా నుబ్బించు విద్యను గనుగొనిరి. అంతకుముందు మూసలలో బోసియు, మట్టిముద్దపై జుట్టియు జేయవలసి యుండెను. ఈ విద్యతో వెల పడిపోయెను. రోము నగరమున గాజుగిన్నె యొక్క రాగినాణెమునకు దొరకుచున్నదని స్ట్రాబో వ్రాసెను.

ఇక మన సీమ. జగిత్యాల జిల్లాలో గోదావరిని పెద్దవాగు గలియుచోట నున్న కోటిలింగాలను 1979–83 నడుమ వి. వి. కృష్ణశాస్త్రిగారు త్రవ్వించిరి. శాతవాహనులలో మొదటివాడగు శిముకుని నాణెములచే నా స్థలము ప్రసిద్ధమైనది. పెద్దబంకూరులో శాతవాహన నాణెములు వేలకొలదిగను, రోమను నాణెములు కొన్నియు బయల్పడినవి. పూర్వపు మెదకు జిల్లాలోని కొండాపురమున 1940–42 త్రవ్వకములలో ఆగస్టసు చక్రవర్తి బంగారు నాణెము దొరకెను. సొమ్ము వచ్చిన త్రోవనే పాత్రయు వచ్చియుండునని కొంద రూహింతురు. గాజుపెంకు కనబడగానే దానిని 'రోమక'మందురు. నే నిందుకు సమ్మతింపజాలను.

క్రీ. శ. మొదటి శతాబ్దిని గ్రీకుభాషలో వ్రాయబడిన 'పెరిప్లస్' అను నౌకాయాన గ్రంథము, సింధుముఖమందలి బార్బరికమునకు గాజుపాత్రలును, భరుకచ్ఛమునకును ముచిరికిని ముడిగాజును దిగుమతి యగుచుండెనని చెప్పుచున్నది. ఈ భేదము ముఖ్యము. తీరమందలి అరికమేడులో 1945లో వీలరుదొరగారికి రోమను గాజుగిన్నెల ముక్కలు దొరకినవి; కాని యది రేవుపట్టణము. భరుకచ్ఛమునుండి ప్రతిష్ఠాన మిరువది దినముల ప్రయాణమనియు, ఆ నాట సరకు దారిలేని యెడల బండ్లపై నడచుచుండెననియు నా గ్రంథమే తెలుపుచున్నది. ప్రతిష్ఠానము గోదావరిపై నున్నది. కోటిలింగాల యా నదికే చాల దిగువ. రాగినాణెమునకు దొరకు పలుచని పాత్రను బండికుదుపులలో నింతదూరము తెచ్చు వర్తకు డుండునా? ముడిగాజు పగిలినను నష్టములేదు. కొలిమిలో బడి పూసయో చేతిగాజో యగును. శ్రీకాళహస్తి చెంత పాపానాయుడుపేట పూసలవారు కరగిన గాజును సన్నని గొట్టముగా సాగలాగి త్రుంచు పద్ధతిని మొన్నమొన్నటి తరములవరకు నిలుపుకొనిరి. అదియు గొట్టమే, కాని యూదినది గాదు.

ఊది చేసిన పాత్రకు గోడ పలుచన. లోని బుడగలు సాగియుండును. కొన్నిటి యడుగున కడ్డీని విడదీసిన మచ్చ యుండును. రంగు నమ్మదగినది గాదు. ద్రవ్యపరీక్ష యింకను నిక్కమైనది: రోమకగాజు నేట్రాను క్షారముతో జేయబడుటచే దానిలో పొటాషు స్వల్పము, అల్యూమినా తక్కువ; మన దేశపు ప్రాచీనపు గాజు పెక్కింట నల్యూమినా హెచ్చు. ముడిగాజు పూసలుగా మారెనను నా యూహ నిజమగునో కాదో యీ పరీక్షయే తేల్పగలదు. అది పెంకులకన్న ముందుగా గోదావరీతీరపు పూసలకు జరుగవలెను.