ఆలీవే: తిప్పే నాబ్ లేని బంతాట.. గేమ్‌బాయ్‌తో పాటే పుట్టిన ఈ గేమ్ కథేంటో తెలుసా?

స్క్రీన్ మీద ఒక బంతి. కింద ఒక చిన్న ప్యాడిల్. పైన వరుసగా పేర్చిన ఇటుకలు. బంతి కింద పడకుండా కొడుతూ పోవాలి.. ఇటుకలన్నీ పగలగొట్టాలి. అంతే గేమ్! వినడానికి ఇంత సింపుల్‌గా ఉన్న ఈ ఆటను అరచేతిలో పట్టే మెషీన్‌లోకి తేవడానికి మాత్రం నింటెండో ఓ పెద్ద చిక్కును దాటాల్సి వచ్చింది. ఎందుకంటే ఈ ఆటకు ప్రాణం అనదగ్గ భాగం గేమ్‌బాయ్‌లో లేనే లేదు. అదే గుండ్రంగా తిప్పే నాబ్. 1989లో వచ్చిన 'ఆలీవే' గేమ్ ఆ లోటును ఎలా పూడ్చింది? ఎంతవరకు పూడ్చగలిగింది? ఎందుకు అంత త్వరగా మరుగున పడింది? పూర్తి వివరాలు చూద్దాం.

ఏమిటీ ఆలీవే?

ఆలీవే అంటే సందు, గల్లీ అని అర్థం. నింటెండోకు చెందిన ఆర్ అండ్ డీ 1 టీమ్, ఇంటెలిజెంట్ సిస్టమ్స్ కలిసి దీన్ని తయారు చేశాయి. 1989 ఏప్రిల్ 21న జపాన్‌లో గేమ్‌బాయ్ అమ్మకాలు మొదలయ్యాయి. ఆ రోజు దాంతో పాటు నాలుగే నాలుగు గేమ్‌లు మార్కెట్‌లోకి వచ్చాయి. సూపర్ మారియో ల్యాండ్, బేస్‌బాల్, యాకుమన్, నాలుగోది ఆలీవే. అంటే గేమ్‌బాయ్ కొన్నవాళ్లకు మొదటి రోజు నుంచే అందుబాటులో ఉన్న ఆట ఇది.

గేమ్ మొదలవగానే మారియో వచ్చి ప్యాడిల్‌లోకి ఎక్కుతాడు. అక్కడి నుంచి ప్యాడిల్‌ను నడిపేది ఆయనే అన్నమాట. అంతకు మించి కథ గట్రా ఏమీ లేదు. మొత్తం గేమ్ సైజు 32 కిలోబైట్లే. ఇప్పుడు ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో కూడా దీనికంటే ఎన్నో రెట్లు పెద్దది.

మూలం 1976లో..

ఈ ఆట అసలు రూపం అటారీ కంపెనీ 1976లో తెచ్చిన 'బ్రేకౌట్'. అంతకు నాలుగేళ్ల ముందు అదే కంపెనీ 'పాంగ్' అనే టేబుల్ టెన్నిస్ లాంటి గేమ్‌తో సంచలనం రేపింది. పాంగ్ ఇద్దరు ఆడే ఆట. దాన్ని ఒక్కరే ఆడుకునేలా మారిస్తే ఎలా ఉంటుంది అన్న ఆలోచన నుంచి పుట్టిందే బ్రేకౌట్. ఎదుటి ఆటగాడి స్థానంలో గోడ వచ్చింది.. ఆ గోడను బద్దలు కొట్టడమే ఆట అయ్యింది.

దీని వెనుక ఆపిల్ వ్యవస్థాపకుల కథ కూడా ఉంది. అప్పట్లో అటారీలో పనిచేస్తున్న స్టీవ్ జాబ్స్‌కు ఈ గేమ్ సర్క్యూట్ తయారు చేసే పని అప్పగించారు. ఆయన తన స్నేహితుడు స్టీవ్ వోజ్నియాక్‌ను పిలిచాడు. వోజ్నియాక్ నాలుగు రాత్రుల్లోనే, 50 లోపు చిప్‌లతో డిజైన్ పూర్తి చేశాడు. అయితే అది మరీ గజిబిజిగా ఉండటంతో అటారీ ఫ్యాక్టరీలో దాన్ని వాడలేదు. కంపెనీ మళ్లీ సొంతంగా డిజైన్ చేయించుకుంది. ఆ తర్వాత 1977లో వచ్చిన ఆపిల్ 2 కంప్యూటర్‌లో కలర్, సౌండ్, తిప్పే ప్యాడిల్స్ ఉండటానికి కారణం కూడా బ్రేకౌటే. ఆ గేమ్‌ను బేసిక్ భాషలో రాసి ఆడుకోవాలన్నదే తన కోరిక అని వోజ్నియాక్ తర్వాత చెప్పారు.

అసలు బ్రేకౌట్ మెషీన్‌లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ స్క్రీన్. ఇటుకలకు రంగులు కనిపించేలా దాని మీద రంగు సెల్లోఫేన్ పట్టీలు అంటించారు. 8 వరుసలు, వరుసకు 14 ఇటుకలు. పసుపు ఇటుకకు 1 పాయింట్, పచ్చకు 3, నారింజకు 5, ఎరుపుకు 7. ఒక గోడ మొత్తం పడగొడితే 448 పాయింట్లు. అలాంటి గోడలు రెండే కాబట్టి ఒక ఆటలో వచ్చే గరిష్ఠ స్కోరు 896. ఎరుపు వరుసను దాటి బంతి పైగోడకు తగిలిందంటే ప్యాడిల్ సగానికి తగ్గిపోతుంది. అక్కడి నుంచి అసలు కష్టం మొదలవుతుంది.

జపాన్‌లో 'బ్లాక్ కుజుషి'

బ్రేకౌట్ జపాన్‌లో పెద్ద హిట్. దాన్ని చూసి పదుల కొద్దీ కాపీలు పుట్టుకొచ్చాయి. ఈ తరహా ఆటలన్నిటికీ అక్కడ 'బ్లాక్ కుజుషి' అనే పేరు స్థిరపడింది. బ్లాకులను కూలగొట్టడం అని దాని అర్థం. 1978లో ప్రపంచాన్ని ఊపేసిన స్పేస్ ఇన్వేడర్స్ రూపకర్త తొమొహిరో నిషికాడో కూడా తనకు ప్రేరణ బ్రేకౌటే అని చెప్పారు.

నింటెండో కూడా ఊరుకోలేదు. 1979లో 'కలర్ టీవీ గేమ్ బ్లాక్ కుజుషి' పేరుతో ఓ మెషీన్ తెచ్చింది. టీవీకి తగిలించి ఆడాలి. క్యాసెట్లు మార్చేది లేదు.. లోపల ఉన్న ఆటే ఆడుకోవాలి. మెషీన్ మీదే తిప్పడానికి గుండ్రటి నాబ్ ఉంటుంది. దీని పైడబ్బా డిజైన్ చేసిన కుర్రాడు అప్పటికి నింటెండోలో చేరి రెండేళ్లయిన షిగెరు మియమోటో. తర్వాత మారియోను సృష్టించింది ఈయనే. జపాన్ బయట ఈ మెషీన్ గురించి విన్నవాళ్లు తక్కువ. ఆలీవేను చూస్తే మాత్రం పదేళ్ల నాటి ఆ ఆటనే నింటెండో జేబులోకి తెచ్చిందని అర్థమైపోతుంది. పేరు మారినా ఆట అదే. మారింది ఒక్కటే.. చేతికింద ఉండే కంట్రోల్.

నాబ్ ఎందుకంత ముఖ్యం?

పాత రేడియోలో స్టేషన్ పట్టుకునే నాబ్ గానీ, గోడకు ఉండే ఫ్యాన్ రెగ్యులేటర్ గానీ గుర్తు తెచ్చుకోండి. ఎంత తిప్పితే అంత ఫలితం. కొంచెం తిప్పితే కొంచెం, గబుక్కున తిప్పితే గబుక్కున. బ్రేకౌట్ నాబ్ కూడా ఇలాగే పనిచేస్తుంది. నాబ్ ఏ స్థానంలో ఉంటే స్క్రీన్ మీద ప్యాడిల్ సరిగ్గా దానికి తగ్గ చోట ఉంటుంది. బంతి ఎడమ మూలకు వెళ్తోంది, ప్యాడిల్ కుడి మూలలో ఉంది అనుకుందాం. మణికట్టును ఒక్క తిప్పు తిప్పితే చాలు, ప్యాడిల్ అక్కడ ఉంటుంది.

గేమ్‌బాయ్‌లో ఉన్నది ప్లస్ గుర్తు ఆకారంలో ఉండే బటన్. గేమ్‌బాయ్ వెనుక ఉన్న గున్‌పెయ్ యొకొయే 1982లో డాంకీ కాంగ్ గేమ్ అండ్ వాచ్ కోసం ఈ బటన్‌ను తెచ్చారు. మారియో లాంటి పాత్రలను నడిపించడానికి ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది. ప్యాడిల్‌కు మాత్రం కాదు. ఎందుకంటే బటన్‌కు తెలిసింది 'నొక్కారు', 'వదిలేశారు' అన్న రెండు సంగతులే. నొక్కి ఉంచినంత సేపు ప్యాడిల్ ఒకే వేగంతో పోతుంది. ఆ వేగం తక్కువ పెడితే దూరంగా పడే బంతి అందదు. ఎక్కువ పెడితే దగ్గర్లో ఉన్న బంతిని దాటి ప్యాడిల్ ముందుకు వెళ్లిపోతుంది. ఎలా చూసినా చిక్కే!

ఆలీవే చెప్పిన పరిష్కారం

దీనికి ఆలీవే డెవలపర్లు ఓ ఉపాయం కనిపెట్టారు. ప్లస్ బటన్‌తో పాటు ఏ, బీ బటన్లను కూడా వాడుకున్నారు. వాటిలో ఒకటి పట్టుకుంటే ప్యాడిల్ వేగం పెరుగుతుంది. ఇంకొకటి పట్టుకుంటే తగ్గుతుంది. అంటే ఎడమ బొటనవేలు దిక్కు చూసుకుంటే, కుడి బొటనవేలు వేగం చూసుకుంటుంది. నాబ్ ఒక్కటే చేసే పనిని రెండు చేతులకు పంచారన్నమాట. బైక్‌కు గేర్లు మార్చడం లాంటిదే ఇది. అలవాటయ్యేదాకా తికమక.. అలవాటయ్యాక ఆలోచించకుండానే వేలు కదులుతుంది. నాబ్ ఇచ్చే హాయి ఇందులో లేదు గానీ, ఆట మాత్రం నిలబడింది.

మిగతా మార్పులు కూడా గమనించదగ్గవే.

* మొత్తం 24 స్టేజీలు. ఒక్కో ఇటుకల అమరిక మూడేసి సార్లు వస్తుంది. మొదటిసారి ఇటుకలు కదలవు. రెండోసారి పక్కకు జరుగుతుంటాయి. మూడోసారి మెల్లగా కిందికి దిగుతుంటాయి.
* వీటి మధ్యలో 8 బోనస్ స్టేజీలు ఉంటాయి. ఇక్కడ ఇటుకలను మారియో గేమ్‌లలోని బొమ్మల ఆకారంలో పేర్చారు. బంతి ఇటుకకు తగిలి వెనక్కి రాదు.. చీల్చుకుంటూ పోతుంది. టైమ్ అయిపోయేలోగా అన్నీ పగలగొట్టాలి.
* గేమ్‌బాయ్‌కు రంగుల్లేవు. అందుకే రంగు చూసి కాకుండా ఇటుక ఎంత ముదురుగా ఉందో చూసి పాయింట్లు. లేత ఇటుకకు తక్కువ, ముదురు ఇటుకకు ఎక్కువ.
* ప్రతి 1,000 పాయింట్లకు ఒక అదనపు లైఫ్ వస్తుంది.
* బంతి ఒకే దారిలో అటూ ఇటూ కొట్టుకుంటూ ఇరుక్కుపోకుండా దాని దిశను గేమే కాస్త మారుస్తుంది.

చిన్న స్క్రీన్ తంటా

కంట్రోల్ ఒక్కటే కాదు, స్క్రీన్ కూడా సమస్యే. గేమ్‌బాయ్ స్క్రీన్ 160 బై 144 పిక్సెళ్లు. నాలుగు ఛాయలు మాత్రమే చూపించగలదు. వెనుక లైటు లేదు. పైగా ఆ ఎల్‌సీడీ తెర మీద వేగంగా కదిలే ఏ వస్తువైనా వెనుక మసక గీతను వదులుతూ పోతుంది. చిన్న బంతి మీదే చూపు నిలపాల్సిన ఆటకు ఇది ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు. దానికి తోడు స్క్రీన్‌లో కుడివైపు కొంత భాగం స్కోరుకే పోతుంది.

ఇంకో సంగతి.. ఈ క్యాట్రిడ్జ్‌లో స్కోరు దాచుకునే సదుపాయం లేదు. ఎంత కష్టపడి టాప్ స్కోర్ కొట్టినా స్విచ్ ఆఫ్ చేస్తే పోయినట్టే!

ఎందుకు మరుగున పడింది?

దీనికి ముఖ్యంగా రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది 'ఆర్కనాయిడ్'. టైటో కంపెనీ 1986లో తెచ్చిన ఈ గేమ్ ఇటుకలాటను పూర్తిగా మార్చేసింది. పగిలిన ఇటుకల్లోంచి క్యాప్సూల్స్ రాలుతాయి. పట్టుకుంటే ప్యాడిల్ పొడుగవుతుంది, తుపాకీ వస్తుంది, బంతులు మూడవుతాయి. మూడేళ్ల తర్వాత వచ్చిన ఆలీవేలో ఇలాంటివేం లేవు. దాంతో కొత్తగా వచ్చినా పాతదానిలా కనిపించింది. అంతేకాదు, ఆర్కనాయిడ్‌ను ఇంట్లో ఆడే నింటెండో మెషీన్‌కు తెచ్చినప్పుడు నాబ్ ఉన్న ప్రత్యేక కంట్రోలర్‌ను డబ్బాలోనే పెట్టి అమ్మారు. జేబులో పెట్టుకునే గేమ్‌బాయ్‌కు అలాంటి వెసులుబాటు లేదు.

రెండో కారణం 'టెట్రిస్'. అమెరికాలో గేమ్‌బాయ్‌తో పాటు టెట్రిస్‌ను ఉచితంగా ఇచ్చారు. అదీ బ్లాకుల ఆటే.. కానీ దానికి నాబ్ అక్కర్లేదు. ప్లస్ బటన్, రెండు బటన్లు ఉంటే చాలు. గేమ్‌బాయ్ కోసమే పుట్టిందా అన్నట్టు అతికింది. పక్కన అలాంటి ఆట ఉంటే ఆలీవేను ఎవరు పట్టించుకుంటారు?

నాబ్ కోసం వెతుకులాట ఆగలేదు

ఆలీవే తర్వాత కూడా చేతిలో పట్టే మెషీన్లలో ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వచ్చింది. 1995లో హాల్ ల్యాబొరేటరీ గేమ్‌బాయ్ కోసం చేసిన 'కిర్బీస్ బ్లాక్ బాల్'లో ప్యాడిల్స్‌ను స్క్రీన్ అంచుల వెంట, నాలుగు వైపులా పెట్టి ఆటనే మార్చేశారు. 2007లో జపాన్‌లో 'ఆర్కనాయిడ్ డీఎస్' వచ్చినప్పుడు నింటెండో డీఎస్‌కు కింద తగిలించుకునే చిన్న నాబ్‌ను కూడా అమ్మారు. అంటే దాదాపు 20 ఏళ్ల తర్వాత కూడా నాబ్‌కు సాటి నాబే అని ఒప్పుకున్నట్టే.

అయితే అసలు విచిత్రం ఇంకోటి ఉంది. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్‌లో ఓ బ్రేకౌట్ గేమ్‌ను రహస్యంగా దాచారు. పాటలు వెతకడానికి పెట్టిన గుండ్రటి చక్రమే అందులో ప్యాడిల్‌ను తిప్పే నాబ్. ఆటల కోసం తయారు చేయని మ్యూజిక్ ప్లేయర్‌లో ఆ పాత ఆటకు సరైన కంట్రోల్ దొరికింది! అదీ జాబ్స్, వోజ్నియాక్‌లు పెట్టిన కంపెనీ చేతిలోనే.

మన దగ్గర ఎలా తెలుసు?

తెలుగు రాష్ట్రాల్లో అసలు గేమ్‌బాయ్ చూసినవాళ్లు తక్కువే. కానీ ఈ ఆట తెలియనివాళ్లు కూడా తక్కువే. 90వ దశకంలో ఫ్యాన్సీ షాపుల్లో, ఎగ్జిబిషన్లలో దొరికిన '9999 ఇన్ 1' బ్రిక్ గేమ్ గుర్తుందా? పెన్సిల్ సెల్స్ వేసి ఆడే ఆ చేతి మెషీన్‌లో టెట్రిస్, కార్ రేస్, ట్యాంకులతో పాటు ఇటుకలు కొట్టే ఆట కూడా ఉండేది. ఆ తర్వాత కంప్యూటర్ సెంటర్లలో, నెట్ సెంటర్లలో డీఎక్స్ బాల్ ఆడని కుర్రాళ్లు అరుదు. అక్కడ మౌస్ ఉంది కాబట్టి ప్యాడిల్ ఎక్కడికి కావాలంటే అక్కడికి క్షణంలో వెళ్లేది. బ్రిక్ గేమ్ బటన్లతో తప్పిన బంతి మౌస్‌తో ఎందుకు దొరికేదో.. ఆ తేడాలోనే ఉంది ఈ కథంతా.

ఇప్పుడు ఎక్కడ ఆడొచ్చు?

2011 జూన్‌లో నింటెండో 3డీఎస్ ఆన్‌లైన్ షాప్ మొదలైనప్పుడు ఆలీవేను డౌన్‌లోడ్ రూపంలో మళ్లీ తెచ్చారు. 2023 మార్చిలో ఆ షాప్‌లో అమ్మకాలు ఆగిపోయాయి. దాంతో ఏడాదికి పైగా కొత్తగా కొనే దారి లేకుండా పోయింది. 2024 మేలో సూపర్ మారియో ల్యాండ్, బేస్‌బాల్‌తో కలిపి దీన్ని నింటెండో స్విచ్ ఆన్‌లైన్ సర్వీసులో చేర్చారు. సబ్‌స్క్రిప్షన్ ఉన్నవాళ్లు ఆడుకోవచ్చు. చందా ఆగితే ఆట కూడా ఆగుతుంది. పాత క్యాట్రిడ్జ్ చేతిలో ఉన్నవాళ్లకు మాత్రం ఈ గొడవ లేదు. నాలుగు పెన్సిల్ సెల్స్ వేస్తే చాలు, గేమ్ స్టార్ట్!

ఆలీవే.. ఒక్క చూపులో

* విడుదల: 1989 ఏప్రిల్ 21 (జపాన్)
* మెషీన్: నింటెండో గేమ్‌బాయ్
* తయారీ: నింటెండో ఆర్ అండ్ డీ 1, ఇంటెలిజెంట్ సిస్టమ్స్
* స్టేజీలు: 24, బోనస్ స్టేజీలు: 8
* సైజు: 32 కిలోబైట్లు
* ఆడేవాళ్లు: ఒక్కరు
* ప్రస్తుతం: నింటెండో స్విచ్ ఆన్‌లైన్‌లో (2024 మే నుంచి)