డీట్

చర్మానికి పూసుకునే కృత్రిమ కీటక వికర్షకం. 1946లో అమెరికా సైన్యం కోసం రూపొందింది. 1957 నుంచి సామాన్యులకూ అందుతోంది. ఇది దోమను చంపదు. వాసన పసిగట్టే గ్రాహకాలను తికమక పెట్టి మనిషి జాడ దొరక్కుండా చేస్తుంది. ఒకవేళ దోమ వాలినా, కాళ్లకు మందు తగిలి ఎగిరిపోతుంది. గాఢత ఎక్కువైతే ఎక్కువసేపు కాస్తుంది, 50 శాతం దాటాక మాత్రం పెద్ద తేడా ఉండదు. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధనశాల దీనికి ప్రత్యామ్నాయంగా డెపా అనే వికర్షకాన్ని తయారుచేసింది.

ఉదాహరణకు, మారేడుమిల్లి మన్యంలో మలేరియా మోసే అనాఫిలిస్ దోమలు రాత్రిపూట కుడతాయి. జలపాతాలు చూడవచ్చి అక్కడే బస చేసేవారు పొద్దుగూకకముందే డీట్ పూసుకోవాలి. ఏడాది పొడవునా అక్కడుండే గిరిజనులకు పురుగుమందు పట్టించిన దోమతెరే అసలు రక్షణ. గాయాలపై, కళ్ల దగ్గర డీట్ రాయకూడదు. కొన్ని ప్లాస్టిక్‌లను కరిగిస్తుంది. కళ్లజోడు, వాచీ జాగ్రత్త.