వాయుసేనాధిపతి ఇద్రీస్ హసన్ లతీఫ్

ఈ సంచికకై విద్యార్థుల కుపకరించు చరిత్ర మొకటి వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. మేము పాఠశాలయందు సంస్కృతాంధ్రములతోపాటు చరిత్రమును గూడ బోధించినవారము. తరగతిలో మే మెన్నడు ప్రస్తావించినను బాలురు నిశ్శబ్దముగా వినుచుండిన యొక హైదరాబాదు పౌరుని జీవితమునే యిచ్చట వ్రాయుచున్నారము.

లతీఫుగారు 1923 వ సంవత్సరము జూన్ 9 వ తేదీని హైదరాబాదున జన్మించిరి. నిజాం కళాశాలలో చదివి, 1942 జనవరిలో వాయుసేనయం దధికారి యైరి. ప్రథమమున కరాచీ తీరమందు, జలాంతర్గాములకై సముద్రమును గాలించు పని వీరికి లభించెను. ఆ పనికి వాడిన వాపిటీ మొదలగు విమానములు ప్రాతవి, జంటరెక్కలవి. నడపువాని తలపై కప్పైనను లేనివి. వాపిటీ యెంత తరిమినను గంటకు 225 కిలోమీటర్లు మించి పోజాలదు. పిదప వీ రింగ్లండునకు బంపబడి, హరికేను, స్పిట్‌ఫైరు విమానములు నడపుట నేర్చి, 1944 లో మరలివచ్చి బర్మా రణరంగమున జపానువారితో బోరిరి.

1947 లో దేశముతోపాటు సేనలును పంచబడెను. సహచరులగు అస్ఘర్ ఖాన్, నూర్ ఖానుగారలు వీరిని పాకిస్తానునకు రమ్మని పిలిచిరి. మతము వేరు, దేశము వేరు, తమకు రెండు నొకటి కావని వీరు బదులు చెప్పిరి.

ఈ కథ చెప్పువారు సామాన్యముగా నింతటితో నాపుదురు. మా దృష్టిలో నసలు చిక్కు వేరొకచోట నున్నది. ఆ జూన్ నెలలోనే నిజాం ప్రభువు తాను స్వతంత్రుడ నగుదునని ప్రకటించియుండెను. నవంబరు 29 న కుదిరినది యథాతథ స్థితికి సంబంధించిన యొడంబడిక మాత్రమే. 1948 సెప్టెంబరు 13 న భారతసేనలు ప్రవేశించి, 17 న నిజాం సేనలు లొంగువరకు హైదరాబాదు భారతదేశమున జేరలేదు. కనుక లతీఫుగారు భారతసేనలో నిలిచిననాడు, వారు పుట్టిన యూరే యా దేశములో లేదు! త్రోవలు రెండని మనము చెప్పుకొందుము. వీరి యెదుట మూ డుండెను. "అయ్యా, మరి యాయనకు తన యూరెటు పోవునో తెలియదు గదా?" యని యొక బాలుడు మమ్మడిగెను. తెలియదంటిమి. తెలియకయే నిర్ణయించుకొనిరంటిమి.

1950 జనవరి 26 న, దేశము గణతంత్రమైన దినమున, రాజధానిపై నెగిరిన విమానశ్రేణికి వీరే నాయకులు.

1971 యుద్ధకాలమున వీరు ప్రధాన కార్యాలయములో ప్రణాళికల భారము వహించిరి. 1978 సెప్టెంబరులో ఎయిర్ చీఫ్ మార్షల్ పదవి నందిరి. భూసేనలో జనరలెట్టివాడో వాయుసేనలో నిది యట్టిది. గీత యేకాదశాధ్యాయమునుండి గ్రహించిన వాక్యమును చిహ్నముగా ధరించు సేనకు ముస్లిము కుటుంబమున బుట్టిన వీ రధిపతి యగుట సంస్కృతము చదివిన మాకు మిక్కిలి ప్రియమైన సంగతి. చిరకాలము నలిగిన జాగ్వారు విమానముల బేరము వీరి కాలముననే తెమలి, 1979 లో తొలి విమానములు వచ్చెను. శబ్దవేగమునకు రెండింతలు మించి పోవు మిగ్-25 విమానములును 1981 లో వీరు విరమించుటకు ముందే చేరెను. వాపిటీనుండి మిగ్-25 వరకు, ఒక్కని యుద్యోగకాలమే!

అనంతరము 1982 మొదలు 1985 వరకు మహారాష్ట్రకు గవర్నరుగా నుండిరి. వీరి మామగారగు ఆలీ యావర్ జంగుగారును పూర్వ మదే పదవిలో నుండి, అందే కాలధర్మము నొందిరి. తరువాత ఫ్రాన్సున రాయబారిగా బనిచేసి హైదరాబాదునకు దిరిగివచ్చిరి.

నాడు పిలిచిన మిత్రు లిరువురును పాకిస్తాను వాయుసేన కొకరి తరువాత నొక రధిపతులైరి. 1965 యుద్ధమున నూర్ ఖానుగా రా సేనను నడపిరి. అస్ఘర్ ఖానుగారు 2018 జనవరిలో పాకిస్తానున మరణించిరి. అదే సంవత్సరము ఏప్రిల్ 30 న, తొంబదినాలుగేండ్ల వయస్సున, లతీఫుగారు తాము పుట్టిన హైదరాబాదుననే కన్నుమూసిరి.