కండెలు

ఆ పుల్ల లోపలికి తొయ్యి, పొగ వస్తాంది. ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరుని జాతరప్పుడు చలి ఇట్లనే ఉంటాది. మాయన్నకు కాలూ చెయ్యీ పడిపోయింది కూడా ఇట్లాంటి చలిలోనే.

పొద్దున్నే మగ్గం గుంటలో దిగినోడు నాడె జారవిడిచె. కుడిచెయ్యి లేవలే, మూతి ఒకపక్కకు పోయె. అప్పుడు 108 యాడిది? ఇప్పుడైతే నాలుగున్నర గంటల్లోపల స్కానింగు తీసి, నెత్తురు గడ్డ అడ్డం పడిందని తేలితే కరిగించే సూది వేస్తారంట. మా కాలంలో ఒకాయప్ప పావురం నెత్తురు పూయమనె, ఇంకొకాయప్ప చిత్తూరు దిక్కు పసరు మందనె. పావురం పాణం పోయింది గానీ చెయ్యి రాలే. పొద్దు వాలినాక బస్సులో కర్నూలు పెద్దాసుపత్రికి తీసకపోయిరి. బీపీ ఎప్పట్నించో ఉందన్నారు. ఊరగాయ లేనిదే రొట్టె ముట్టని మనిషి మరి!

ఇంటికొచ్చినాకనే అసలు పని. నీళ్లు తాగిస్తే పొలమారేది. వదినె కొర్రజావ చిక్కగా కాచి, దిండు ఆనించి కూచోబెట్టి, ఎడమ దౌడలో స్పూనుతో పోసేది. మింగినాడా లేదా అని గొంతు చూసినాకనే ఇంకో స్పూను. చూడనీకి వచ్చిన చుట్టాలు పడిన చెయ్యి పట్టి లేపబోతే కసిరేది: "భుజం జారుతాది, నడుం పట్టుకోండప్పా!" ఆసుపత్రిలో ఆయమ్మ చెప్పిందంట.

మాట మాత్రం రాలే. నవ్వాల్సిన చోట ఏడ్చేవాడు. అది జబ్బు గుణమని తెలీక మేం దిగులనుకుంటిమి. ఒకనాడు వీధిలో భజన పోతాంటే మంచం మీంచే పాట అందుకునె! ఒక్క ముక్క తప్పు పోలే. పాట నిలిస్తే మళ్లీ నోరు మూత. దయ్యమన్నారు. మెదడులో మాటకొక దారి, పాటకొక దారి ఉంటాదని శానా ఏండ్లకు డాక్టరు చెప్పె. వదినెకు ఆ పొద్దే తెలిసిపోయె. "నీళ్లు తే" అనేది కూడా రాగం తీసి పాడించేది. మేం నవ్వలేక చస్తాంటిమి.

నేత నిలిస్తే కూలి నిలుస్తాది. 1938లో మాచాని సోమప్పగారు పెట్టిన సొసైటీ నూలిచ్చేది, గుడ్డ తీసుకొని కూలిచ్చేది. వదినె తానే గుంటలో దిగె. అన్నను రాట్నం ముందర కూచోబెట్టి, కుడిచెయ్యి పిడికి గుడ్డతో కట్టి, ఎడమచేత్తో తిప్పించె. ఆ కండెలన్నీ వదులే. నాడెలో పెడితే పోగు చిక్కుపడేది. రాత్రి బుడ్డి కింద అన్న చూడకుండా విప్పి మళ్లీ చుట్టుకునేది ఆయమ్మ. పారేయొచ్చు కదా అంటే, "తను చుట్టిందే నేస్తాండానని అనుకోనీలే" అనె.

కాలు ఈడుస్తానే గానీ, నూలు తెచ్చుకొనేకి తనే సొసైటీకి పోయేదాకా వచ్చినాడు. ఊరంతా మెచ్చుకునె. వదినె నడుం గురించి ఎవరడిగిరి? నేను, మా చిన్నమ్మ వంతులేసుకొని అన్నను చూసుకుంటామని, వదినెను ఆదోనికి పుట్టింటికి తరిమితిమి. అక్కడికి పోయి ఏం చేసిందనుకున్నావు? పొద్దస్తమానం నిద్రేనంట. దీనికి కూడా ఏదో కొట్టిందని వాళ్లమ్మ బెదిరిపోయి మాకు కబురంపె!