పొరుగు మొక్కను పెరుగనీయని మొక్క

చింతచెట్టు క్రింద పైరు పెరుగదని మన రైతు చెప్పును. కారణమేమని అడిగినచో ఒకరు నీడ యందురు. ఒకరు వేళ్లు నీరంతయు పీల్చివేయుననెదరు. మరియొకరు ఆ చెట్టు గాలియే చెడ్డదందురు. వీనిలో ఏది నిజమో తేల్చుట ఎంత కష్టమో, ఈ ప్రశ్న వృక్షశాస్త్ర చరిత్రలో నడచిన దారిని చూచినచో శ్రోతలకు తెలియగలదు.

క్రీస్తునకు పూర్వము సుమారు 300 సంవత్సరముల నాడు గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్, శనగపైరు కలుపును నశింపజేయుననియు, అందును పల్లేరును మరింత త్వరగా అణచుననియు వ్రాసెను. శనగయు పల్లేరును మన చేలకు క్రొత్తవి కావు గనుక, ఆ మాట మాకు మన పల్లెరైతు చెప్పినట్లే తోచినది. క్రీ.శ. మొదటి శతాబ్దిలో రోమను గ్రంథకర్త ప్లినీ, అక్రోటుచెట్టు నీడ మనుష్యులకును, చెంతనున్న మొక్కలకును చెరుపు చేయుననెను. ఇవి పరిశీలనలేగాని నిరూపణలు కావు.

1832లో స్విట్జర్లండు దేశీయుడైన డి కాండోల్, పైరు వేళ్లు నేలలోనికి కొన్ని పదార్థములను విడుచుననియు, అందుచేతనే పంటమార్పిడి అవసరమగుచున్నదనియు ప్రతిపాదించెను. ఆ పిమ్మట లీబిగ్ ప్రచారము చేసిన ఖనిజపోషక సిద్ధాంతము ప్రబలి, నేల చెడుట పోషకముల కొరతచేతనే యని పలువురు నమ్మిరి. డి కాండోల్ మాట చాలకాలము మరుగున పడెను.

దానిని మరల వెలికి తెచ్చినవానిలో అమెరికాలోని నల్ల అక్రోటు ముఖ్యమైనది. 1925లో మాసీ అను శాస్త్రజ్ఞుడు, ఈ చెట్టు వేళ్లు వ్యాపించిన మేర టమాటా, అల్ఫాల్ఫా మొక్కలు వాడి చచ్చుట గమనించెను. నీడయే కారణమైనచో హద్దు కొమ్మలతో ముగియవలెను. ఇచట హద్దు వేళ్లది. 1928లో డేవిస్, జుగ్లోన్ అను పదార్థమును ఆ మొక్కల కాండములలోనికి ఎక్కించి, అది వానికి విషమని చూపెను. చిత్రమేమనగా, చెట్టులో ఇది చాలవరకు హానిలేని రూపముననే యుండును. గాలిలోని ప్రాణవాయువు సోకిన పిమ్మట విషమగును.

1937లో వియన్నా శాస్త్రజ్ఞుడు హాన్స్ మోలిష్ ఈ వ్యవహారమునకు 'అల్లెలోపతి' యని పేరిడెను. ఈయన అంతకు పూర్వము కలకత్తాలో జగదీశచంద్ర బోసు పరిశోధనాలయమున కొంతకాలము పనిచేసినవాడు.

ఇక మాకు మిక్కిలి ఆసక్తి కలిగించిన ఘట్టము కాలిఫోర్నియాలోనిది. అచట సాల్వియా పొదల చుట్టును ఒకటి రెండు మీటర్ల మేర గడ్డి మొలవని బోడినేల యుండును. ఆకులనుండి వెలువడు కర్పూరము, సినియోల్ ఆవిరులే దీనికి కారణమని ముల్లర్ బృందము 1964లో ప్రకటించెను. ప్రయోగశాలలో ఆ ఆవిరులు మొలకల వేళ్లను నిజముగనే కుంటుపరచెను. పాఠ్యగ్రంథములును ఈ కథను చేర్చుకొనెను. కాని 1970లో బార్తలోమ్యూ అను పరిశోధకుడు ఆ బోడినేలపై తీగెబోనులు అమర్చి, ఎలుకలు, కుందేళ్లు, పక్షులు లోనికి చొరకుండ చేసెను. బోనులలో గడ్డి పెరిగెను! పొదలచాటున దాగు ప్రాణులు దూరము పోవ వెరచి, దరినున్న గడ్డిని, గింజలను తినివేయుచుండెను.

ముల్లర్ పని వ్యర్థమని మేమనము. పళ్లెములో మొలకను చంపినది చేనిలోను చంపుననుట వేరు. నేలలోని సూక్ష్మజీవులు ఇట్టి విషములను చాలవరకు విరిచివేయును. జుగ్లోన్ విషయమునను ఈ శంక నేటికిని లేకపోలేదు.

1950ల మధ్యకాలమున పూనాలో కనబడి, దేశమంతటను వ్యాపించిన వయ్యారిభామ సంగతియు ఇట్టిదే. దానిలోని పార్థెనిన్ ఇతర విత్తుల మొలకను అడ్డుట ప్రయోగశాలలలో తేలినది. కాని ఒక్కొక్క మొక్క వేలకొలది గింజలు రాల్చును. పశువులు దానిని సాధారణముగా ముట్టవు. చేనిలో దాని విజృంభణకు విషమెంత కారణమో, ఇవి యెంత కారణమో విడదీయవలసియే యున్నది.