బుర్రకథలో గాయనీ వాద్యకారిణులు

తంబుర మీటుతూ కథ చెప్పే కథకుడు, అతనికి ఇరువైపులా గుమ్మెటలు వాయిస్తూ వంత పాడే ఇద్దరు సహాయకులు కలిసి ప్రదర్శించే బుర్రకథ, జంగం కథ నుంచి రూపుదిద్దుకొన్న కళారూపం. బుడిగ, బుర్ర అనే పేర్లు కూడా ఉన్న గుమ్మెట ఒకవైపు చర్మం బిగించి, రెండోవైపు మూతి తెరిచి ఉంచిన కుండ వంటి వాద్యం. వాద్యకారిణి ఒక చేతి వేళ్లతో చర్మంపై దరువు వేస్తూ, రెండో అరచేతితో మూతిని మూసి తెరుస్తూ నాదంలో హెచ్చుతగ్గులు పలికిస్తుంది.

గోదావరి ఒడ్డున ఉన్న బాసర మొదలుకొని ఆదిలాబాద్, కరీంనగర్ పల్లెల వరకు కథలు చెప్పుకొని జీవించిన బుడిగ జంగాల, శారదకాండ్ర మేళాలలో కథకుని ఇంటి స్త్రీలే వాద్యం పట్టి వంత పాడడం పాత సంప్రదాయం. ఇన్ని తరాల వాద్యకారిణులలో పేర్లు గ్రంథస్థమైనవారు అరుదు.

1943లో బొంబాయిలో ఏర్పడిన భారత ప్రజానాట్య సంఘానికి ఆంధ్ర శాఖగా వెలసిన ప్రజానాట్యమండలి, సుంకర సత్యనారాయణ రచించిన ‘కష్టజీవి’ వంటి కథలతో, షేక్ నాజర్ (1920–1997) గళంతో బుర్రకథను రాజకీయ వేదికపైకి తెచ్చింది. వంతలలో ఒకరు హాస్యానికి, మరొకరు రాజకీయ వ్యాఖ్యానానికి స్థిరపడిన ఈ కొత్త రూపంలో పేరు పొందిన దళాలు చాలావరకు పురుషులవే కావడంతో, ఇంటి మేళంలో స్త్రీకి ఉన్న చోటు వేదికపై కనబడకుండా పోయింది. ఆ లోటును తీర్చినది మోటూరు ఉదయం (1924–2002) సారథ్యంలోని తొలి మహిళా బుర్రకథ దళం. బుర్రకథలో కథ చెప్పేవారు భుజాన తంబుర మోస్తూ, లోపల గుండ్లు ఉన్న లోహపు అందెలను వేళ్లకు తొడిగి తాళం వేస్తూ, నడుమ నడుమ అడుగులు వేస్తూ గానం చేయాలి. జంగం కథలో వంతకే పరిమితమైన స్త్రీ ఈ దళంతో కథకురాలి స్థానానికి చేరడం విశేషం. బహిరంగ సభలో స్త్రీ గొంతెత్తడమే వింతగా తోచిన ఆ కాలంలో ఇది నిస్సందేహంగా సాహసోపేతమైన పని. 1948 తరువాత కమ్యూనిస్టులపై నిర్బంధం తీవ్రమై మండలి ప్రదర్శనలు కుంటుపడ్డాయి. కమ్యూనిస్టు నాయకుడు మోటూరు హనుమంతరావు భార్య అయిన ఉదయం తరువాతి కాలంలో మహిళా ఉద్యమ నాయకురాలిగా ప్రసిద్ధి చెందారు.

తరువాతి దశకాల్లో బుర్రకథ ఆకాశవాణి ప్రసారాలకు, 1990 దశకపు అక్షరాస్యతా కళాజాతాలకు, ప్రభుత్వ ప్రచారానికి ఉపకరణంగా కొనసాగింది.